ఒక్కడే ఆడుకునే ఆటకు నెట్ ఎందుకండీ?

ఒక్కడే కూర్చుని ఆడుకునే వీడియో గేమ్‌కు ఇంటర్నెట్ ఎందుకు కావాలి? ఈ ప్రశ్నకు నమ్మదగ్గ జవాబు ఇంతవరకు ఏ కంపెనీ చెప్పగా నేను వినలేదు. పదిమంది కలిసి ఆడే ఆటల గురించి నేను అడగడం లేదు. ఫోన్లలో ఆడే బీజీఎంఐ లాంటి యుద్ధపు ఆటలో మనతో తలపడేవాడు నెల్లూరులో ఉంటాడో నాగపూర్‌లో ఉంటాడో తెలియదు, మధ్యలో సర్వర్ ఉండి తీరాలి. నేనడిగేది స్టోరీ మోడ్ గురించి, అంటే ఒక్కడే ఆడుకునే భాగం గురించి. కారు, రోడ్డు, ఊరు అన్నీ నా హార్డ్ డిస్క్‌లోనే ఉన్నాయి. నాతో పోటీపడే కార్లను నడిపేది కూడా కంప్యూటరే. మూడు వేలో నాలుగు వేలో పెట్టి కొని, రాత్రంతా మేలుకుని వంద జీబీ డౌన్‌లోడ్ చేసుకున్నాక కూడా నెట్ లేకపోతే మెయిన్ మెనూ దాకా కూడా పోనివ్వరు.

విజయవాడలో నెట్‌కేం లోటు అని అడిగేవాళ్లున్నారు. వేసవిలో మధ్యాహ్నం కరెంట్ పోతే మా వీధి చివర కేబుల్ వాళ్ల పెట్టెలో బ్యాటరీ ఉన్నంతసేపే నెట్ ఉంటుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా లాభం లేదు. డ్రైనేజీ కోసం రోడ్డు తవ్వితే ఫైబర్ తెగుతుంది, శనివారం సాయంత్రం తెగిందంటే అతుకు వేసే మనిషి సోమవారం గానీ రాడు. ఫోన్ హాట్‌స్పాట్ పెడదామంటే రోజుకు ఒకటిన్నర జీబీ ప్లాన్, ఇంట్లో అందరి వాడకానికి సాయంత్రమే అయిపోతుంది. ఆటకు పెద్దగా డేటా అక్కర్లేదని చెబుతారు, నిజమే. కానీ లైన్ ఒక్క నిమిషం తెగినా బయటకు తోసేస్తుంది, సేవ్ కాని భాగమంతా పోతుంది.

2024 సెప్టెంబర్ 1 ఈ ఊళ్లో ఎవరూ మర్చిపోలేరు. బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది. మా అక్కావాళ్లుండేది అక్కడే, రెండో అంతస్తులో. తిండి పడవల మీదా డ్రోన్ల మీదా వచ్చిన రోజులవి. అప్పుడు ఆటల గురించి ఎవరూ ఆలోచించలేదు, ఆలోచించాల్సిన సమయమూ కాదు. నేను చెప్పేది ఆ తర్వాతి మాట. నీళ్లు దిగాయి, ఫైరింజన్లు వచ్చి వీధుల్లో బురద కడుగుతున్నాయి, కరెంట్ కూడా వచ్చింది. నెట్ మాత్రం రాలేదు. పెట్టెలూ వైర్లూ అన్నీ నానిపోయాయి. బడుల్లేవు. బయట బురద, కంపు, ఎక్కడ ఏ పాముందో అన్న భయం. పిల్లల్ని గుమ్మం దాటనివ్వడం లేదు. పెద్దవాళ్లంతా కింది వాటాలవాళ్ల సామాను మోయడంలో, మునిగిన బళ్లను మెకానిక్ దగ్గరికి చేర్చడంలో తలమునకలుగా ఉన్నారు.

మా మేనల్లుడు ఆ నీళ్లు చూసి బాగా బెదిరిపోయాడు. రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తున్నాడని అక్క చెప్పింది. వాడి పుట్టినరోజుకు నేను కొనిచ్చిన రేసింగ్ గేమ్ ల్యాప్‌టాప్‌లోనే ఉంది. కాసేపు దాంతో మనసు మళ్లుతుందని తెరిస్తే, సర్వర్‌కు కనెక్ట్ కాలేకపోయాం అని వచ్చింది. మళ్లీ తెరిచాడు, మళ్లీ అదే. "మావయ్యా, ఇది నేనొక్కడినే ఆడేది కదా, నెట్ ఎందుకు?" అని అడిగాడు. "నెట్ రాగానే ఆడుకుందువుగానిలే నాన్నా" అన్నాను తప్ప వాడికి చెప్పడానికి నా దగ్గర జవాబు లేదు. అదే ల్యాప్‌టాప్‌లో 2006లో వచ్చిన క్రికెట్ 07 ఉంది. అది వెంటనే తెరుచుకుంది. దాన్ని తయారుచేసిన ఈఏ కంపెనీ క్రికెట్ గేమ్‌లు చేయడం ఎప్పుడో మానేసింది. అయినా ఇప్పటికీ మనవాళ్లు కొత్త జట్లు, కొత్త జెర్సీలు ప్యాచ్‌లుగా, అంటే ఆటలో అతికించే అదనపు ఫైళ్లుగా తయారుచేసి అందులో ఆడుతూనే ఉన్నారు. నెట్ వచ్చేదాకా వాడికి అదే తోడు.

ఎక్కడో మంచి నెట్ ఉన్న ఊళ్లో కూర్చుని ఈ నిర్ణయాలు తీసుకునేవాళ్లకు మన వీధులు కనిపించవు. 2013లో ఎక్స్‌బాక్స్ వన్ అనే తన గేమ్ కన్సోల్ గురించి చెబుతూ, ఇరవై నాలుగు గంటలకోసారి నెట్‌కు కనెక్ట్ కాకపోతే ఆటలు ఆగిపోతాయని మైక్రోసాఫ్ట్ చెప్పింది. జనం తిరగబడితే ఆ ఏడాది జూన్‌లోనే ఆ మాట వెనక్కి తీసుకుంది. అదే ఏడాది మార్చిలో సిమ్‌సిటీ వచ్చింది. మన నగరం మనం కట్టుకునే ఆట అది. విడుదలైన వారంలో సర్వర్లు కుప్పకూలి, డబ్బు కట్టినవాళ్లు లోపలికే పోలేకపోయారు. ఆఫ్‌లైన్‌లో ఎందుకు ఇవ్వరంటే, ఆట లెక్కలు చాలావరకు సర్వర్లలోనే జరుగుతాయి, చాలా మార్చాల్సి వస్తుంది అన్నారు. ఏడాది తిరిగేసరికి 2014 మార్చిలో ఆఫ్‌లైన్ మోడ్ వాళ్లే ఇచ్చారు. కుదరదు అన్నది ఏడాదిలో కుదిరింది. అందుకే ఇప్పుడు ఏ కంపెనీ ఆ మాట అన్నా నేను నమ్మను.

ఇంతకన్నా నాకు బాధ కలిగించేది ది క్రూ విషయం. 2014లో యుబిసాఫ్ట్ తెచ్చిన కార్ల ఆట. అమెరికా దేశాన్నంతా చిన్నదిగా చేసి అందులో పెట్టారు, ఈ తీరం నుంచి ఆ తీరం దాకా ఆగకుండా కారు నడుపుకుంటూ పోవచ్చు. పోటీలు వద్దనుకుంటే ఒక్కడివే ఊరికే తిరగొచ్చు. 2023 డిసెంబర్‌లో అమ్మకం ఆపేశారు, 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు. అంతటితో ఒంటరిగా ఆడే భాగం కూడా పోయింది. ఆ తర్వాత కొన్నవాళ్ల అకౌంట్ల నుంచి లైసెన్సులు కూడా తీసేశారు. అమెరికాలో ఇద్దరు కోర్టుకెక్కితే, మీరు కొన్నది ఆడుకునే అనుమతే గానీ ఆట కాదు అని కంపెనీ వాదించింది.

నేను లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాలు కొంటాను. వాటిలో సగం వేసిన ప్రచురణ సంస్థలు ఇప్పుడు లేవు. సంస్థ మూతపడిందని ఎవరూ నా బీరువాలోంచి పుస్తకం పట్టుకుపోలేదు. డబ్బు తీసుకునేటప్పుడు ఆటనూ అలాగే అమ్మారు, పెట్టె మీద బొమ్మ వేసి, డిస్క్ చేతికిచ్చి. మీ సొంతం కాదన్న మాట ఎవరూ చదవని షరతుల్లో ఎక్కడో అడుగున రాసుకున్నారు.

ఆ కథ అక్కడితో ఆగలేదు. 2025లో అభిమానులే సొంతంగా సర్వర్ సాఫ్ట్‌వేర్ రాసి ది క్రూను మళ్లీ నడిపించారు. జీతం లేకుండా, అసలు కోడ్ చేతిలో లేకుండా, ఇష్టంతో చేసిన పని. వాళ్లకు సాధ్యమైనది తయారుచేసిన కంపెనీకి ఎందుకు సాధ్యం కాలేదు? జనం గొడవ చేశాకే కదా, ది క్రూ 2కు ఆఫ్‌లైన్ మోడ్ ఇస్తామని యుబిసాఫ్ట్ 2024లో ప్రకటించింది.

దొంగ కాపీలు ఆపడానికే ఇదంతా అని ఒక వాదన ఉంది. 2010 మార్చిలో అదే కంపెనీ పీసీ ఆటలకు ఎప్పుడూ నెట్ ఉండాలని పెట్టింది. ఎవరో సర్వర్ల మీద దాడి చేస్తే అసాసిన్స్ క్రీడ్ 2 కొనుక్కున్నవాళ్లు బయట నిలబడాల్సి వచ్చింది. డబ్బు కట్టినవాడికే తాళం పడింది. మన దగ్గర ఆటను డబ్బు పెట్టి కొనడం ఈమధ్యే అలవాటవుతోంది. సీడీ కాపీల కాలం నుంచి వచ్చిన మాలాంటివాళ్లం ఇప్పుడు తయారుచేసినవాళ్లకు దక్కాల్సింది దక్కాలని మనస్ఫూర్తిగా కొంటున్నాం. వరద తర్వాత మా మేనల్లుడిని ఆడనివ్వనిది సరిగ్గా కొన్న కాపీయే. ఆ పిల్లాడికి నిజాయితీగా కొనుక్కోమని నేను ఏ మొహంతో చెప్పాలి?

సర్వర్లకు ఖర్చవుతుంది కదా అంటారు. అవుతుంది. ఎల్లకాలం నడపమని ఎవరూ అడగడం లేదు. ఆపే ముందు ఆటను ఆడుకునే స్థితిలో వదిలి వెళ్లమంటున్నాం, అంతే. చేసి చూపించినవాళ్లున్నారు. గ్రాన్ టూరిస్మో స్పోర్ట్ అనే కార్ల పందెం ఆట సర్వర్లు 2024 జనవరిలో ఆపేముందు, ఒక్కడే ఆడే భాగం నెట్ లేకుండా నడిచేలా సోనీ అప్‌డేట్ ఇచ్చింది. నాకౌట్ సిటీ పూర్తిగా ఆన్‌లైన్ ఆట. అయినా 2023లో మూసేటప్పుడు, ఎవరి సర్వర్ వాళ్లు నడుపుకునే వెర్షన్‌ను ఉచితంగా ఇచ్చి వెళ్లారు.

అదేమీ కొత్త విద్య కూడా కాదు. గుంటూరు బ్రాడీపేట నెట్ సెంటర్లలో మేం కౌంటర్ స్ట్రైక్ 1.6 అనే తుపాకుల ఆట ఆడింది ల్యాన్ మీద, అంటే సెంటర్‌లోని కంప్యూటర్లను ఒకదానికొకటి కలిపే వైర్ల మీద. ఒక సిస్టమ్‌లో సర్వర్ పెట్టేవాళ్లు, మిగతావాళ్లం దాంట్లో చేరేవాళ్లం. బయట నెట్ పోయిన సంగతి ఆట అయ్యాక గానీ తెలిసేది కాదు. సర్వర్ నడిపే ప్రోగ్రామ్‌ను కొన్నవాడి చేతికే ఇచ్చేవాళ్లప్పుడు. ఇప్పుడు దాన్ని తమ దగ్గరే పెట్టుకుంటున్నారంటే, పాత ఆట ఆగితేనే కొత్త ఆట, అందులో అమ్మే స్కిన్లు (బొమ్మలకు వేసే కొత్త రంగులూ వేషాలూ) అమ్ముడుపోతాయన్న లెక్కే నాకు కనిపిస్తోంది.

యూరప్‌లో జనం దీన్ని ఊరికే వదల్లేదు. ది క్రూ మూతపడ్డ వెంటనే 2024లో రాస్ స్కాట్ అనే యూట్యూబర్ 'స్టాప్ కిల్లింగ్ గేమ్స్' ఉద్యమం మొదలుపెట్టాడు. యూరోపియన్ యూనియన్‌కు పెట్టిన అర్జీ మీద 2025 జూలై నాటికి పది లక్షలకు పైగా సంతకాలు చేరాయి. కాలిఫోర్నియాలో 2025 జనవరి నుంచి, మీరు తీసుకుంటున్నది లైసెన్స్ మాత్రమే అని డిజిటల్ స్టోర్లు కొనేముందే స్పష్టంగా చెప్పాలన్న చట్టం అమల్లోకి వచ్చింది. మన పార్లమెంటు కూడా 2025లో ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది. అందులో డబ్బులు పందెం కాసి ఆడే ఆటలను నిషేధించారు, మంచిదే, వాటివల్ల నాశనమైన ఇళ్లు మనకు తెలుసు. కానీ డబ్బు పెట్టి కొన్న మామూలు ఆట రేపు మాయమైతే అడిగే దారి కూడా కావాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో అన్యాయపు ఒప్పందానికి నిర్వచనం ఉంది. సరైన కారణం లేకుండా ఒక పక్షమే ఏకపక్షంగా ఒప్పందాన్ని ముగించగలిగే షరతు కూడా అందులోకి వస్తుంది. నా ఉద్దేశంలో ఈ ఆటల షరతులు సరిగ్గా అలాంటివే. ఇది చదివే లాయర్లెవరైనా ఉంటే దీని గురించి తెలుగులో నాలుగు మాటలు రాయండి, నేను పదిమందికి చేరవేస్తాను.

ఈలోగా మీరు చేయగలిగింది చెబుతాను. కంప్యూటర్ ఆటలు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లో ఆట కొంటే, కొన్న పద్నాలుగు రోజుల్లోపు, రెండు గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి అడగొచ్చు. కాబట్టి ఇన్‌స్టాల్ చేసి ఒకసారి లాగిన్ అయ్యాక మొదట చేయాల్సిన పని, స్టీమ్‌ను ఆఫ్‌లైన్ మోడ్‌లో పెట్టి, వైఫై తీసేసి, స్టోరీ మోడ్ తెరుచుకుంటుందో లేదో చూడటం. తెరుచుకోకపోతే రీఫండ్ అడగండి, నెట్ లేకుండా నడవడం లేదని కారణం కూడా రాయండి. రీఫండ్ ఇవ్వకుండా తిప్పుకుంటే 1915కు ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడొచ్చు.