పాత మిద్దెకు ఫాల్స్ సీలింగ్ ఎందుకండీ?

మా నారాయణపేట వైపు ఈమధ్య ఒక పిచ్చి పట్టుకుంది. ఇంట్లో పెళ్లి కుదిరితే చాలు, హైదరాబాద్ నుంచి కొత్త వియ్యంకులు వస్తున్నారంటే చాలు, పాత ఇంటికి 'లుక్' మార్చేయాలి. గోడలకు పుట్టీ, పైన పీవోపీ ఫాల్స్ సీలింగ్ (అసలు కప్పు కింద వేలాడదీసే ఉత్తుత్తి కప్పు), కింద తళతళలాడే టైల్స్, టీవీ వెనక ప్లాస్టిక్ ప్యానెల్. పెళ్లి ఫొటోల్లో బ్రహ్మాండంగా ఉంటుంది. రెండు వానాకాలాలు పోయాక వెళ్లి చూడండి. గోడ కింది భాగమంతా పుట్టీ పొక్కులు లేచి పెచ్చులు రాలుతుంటుంది. సీలింగ్ మీద టీ రంగు మరకలు. ఇంటాయన మాత్రం అప్పటికీ అప్పు కడుతూనే ఉంటాడు.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. పాత ఇల్లు బాగుపడాలంటే మొదటి రూపాయి నీళ్ల మీద పెట్టాలి. నీళ్లు ఎక్కడి నుంచి లోపలికి వస్తున్నాయి, ఎలా బయటికి పోతున్నాయి అన్నది తేలకుండా గోడకు ఏ రంగు వేసినా దండగే. తర్వాతి రూపాయి వెలుతురుకు. ఇంకేమైనా మిగిలితే అప్పుడు కర్టెన్లూ, కుండీలూ.

మాది రాతి గోడల మిద్దె. మట్టితో పేర్చిన రాళ్లు, దాని మీద డంగు సున్నం (గానుగలో నూరిన సున్నం) గిలాబు, టేకు మొగురాలు (స్తంభాలు), దూలాలు, వాసాలు, పైన మట్టి, ఆ పైన చౌడు. మా ముత్తాత కట్టించింది. బాగు చేయించాలనుకున్నప్పుడు చేతిలో ఉన్నది 60 వేలు. ఇంటీరియర్ పని చేసే ఒకబ్బాయి వచ్చి, ఫోన్‌లో ఫొటోలు తీసుకుని, ముందు అర్ర ఒక్కదానికే 1,80,000 అంచనా రాసిచ్చాడు. అందులో ప్రొఫైల్ లైట్లున్నాయి, గోడకు అద్దాలున్నాయి, ఇంకా ఏవేవో ఉన్నాయి. మిద్దె కారడం గురించి ఒక్క ముక్క లేదు. అడిగితే "సీలింగ్ వేస్తే కనబడదు సార్" అన్నాడు. కనబడకపోవడమే కదా నా భయం! మిద్దె కింద సీలింగ్ వేస్తే ఏ దూలం నానుతోందో, ఏ వాసానికి చెదలు పట్టిందో విరిగి నెత్తిన పడేదాకా తెలియదు. ఎలుకలకూ, తేళ్లకూ మాత్రం మంచి ఏసీ గది దొరుకుతుంది.

మిద్దె కారితే మందు మన ఊళ్లోనే ఉంది. చౌడు. చౌడు మట్టిలో సోడియం ఎక్కువ. తడి తగలగానే అందులోని బంకమట్టి రేణువులు విడిపోయి సందులన్నీ పూడ్చేస్తాయి. నీళ్లు కిందికి దిగలేక మీది నుంచే జారిపోతాయి. పంటకు పనికిరాని మట్టి మిద్దెకు ప్రాణం. మృగశిర కార్తె రాకముందే మిద్దె ఎక్కి, మొలిచిన గడ్డీ గాదం పీకేసి, చౌడు పోసి దిమ్మిసతో కొట్టించాలి. తూముల్లో ఇరుక్కున్న ఆకులూ, గాలిపటం ముక్కలూ తీసేయాలి. ఇది పెద్ద ఖర్చు కాదు, కానీ ఏటా చేయాలి. ఏటా చేయాలనేసరికే మనకు ఓపిక ఉండదు. ఒక్కసారి లక్ష పెట్టి మరిచిపోవడం ఇష్టం.

ఇక కింది నుంచి వచ్చే చెమ్మ. దీని గురించి ఎవరూ మాట్లాడరు. ఊళ్లో పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్త సీసీ రోడ్డు పోస్తారు. పోసిన ప్రతిసారీ వీధి పైకి లేస్తుంది, మన కడప (గడప) కిందికి పోతుంది. మా చిన్నప్పుడు అరుగు మీద కూర్చుంటే కాళ్లు నేలకు అందేవి కావు. ఇప్పుడు అదే అరుగు మీద నుంచి వాన నీళ్లు వాకిట్లోకి వస్తున్నాయి. గోడ మొదట్లో ఆ నీళ్లు నిలబడితే మట్టితో కట్టిన గోడ పీల్చుకోదా? పీల్చుకుంటుంది. పాత సున్నపు గిలాబు ఉంటే ఆ తడి మెల్లగా ఆవిరై బయటికి పోయేది. దాని మీద సిమెంటు పూసి, పుట్టీ పెట్టి, ప్లాస్టిక్ ఎమల్షన్ వేశాక దారి మూసుకుపోతుంది. తడి ఇంకా పైకి ఎక్కి, పక్కకు పాకి, మట్టిలోని ఉప్పునంతా మోసుకొచ్చి రంగు వెనక పేరుస్తుంది. ఆ ఉప్పు గడ్డకట్టే బలానికే పెచ్చు ఊడిపోయేది. గోడ మీద తెల్లగా పిండిలా వచ్చేది అదే. దానికి మళ్లీ 'డాంప్ ప్రూఫ్' డబ్బా కొని పూస్తారు!

మేం గోడ పక్కన చిన్న కాలువ తీయించి వాలు సరిచేయించాం. కుళాయి గోడను ఆనుకుని ఉంటే దూరం జరిపించాం. మూడడుగుల ఎత్తు వరకు సిమెంటు గీకించి, ఎండాకాలం మొత్తం గోడను అలాగే వదిలేశాం. చూసినవాళ్లంతా "డబ్బులు అయిపోయాయా?" అని అడిగారు. గోడ ఆరాలి కదండీ.

ఆ తర్వాత సున్నం. ఇక్కడ నాకు నిజంగా కోపం వచ్చింది. మా పాలమూరు కూలీలు దేశం నలుమూలలా డ్యాములు కట్టారు, కాలువలు తవ్వారు. అదే పాలమూరులో సున్నం పని తెలిసిన సుతారి (తాపీ మేస్త్రి) కోసం మండలమంతా వెతకాల్సి వచ్చింది. పిల్లలకు పుట్టీ పట్టీ పట్టుకోవడమే తెలుసు. చివరికి దొరికిన పెద్దాయన డ్రమ్ములో రాతి సున్నం వేసి నీళ్లు పోస్తే అది కుతకుతా ఉడుకుతుంటే పక్కింటి పిల్లలంతా చూడ్డానికి వచ్చారు. (పిల్లల్ని దూరంగా ఉంచండి. చుక్క కంట్లో పడితే చూపుకే ప్రమాదం.) రాత్రంతా నానబెట్టి, పాత పంచెలో వడగట్టి, తుమ్మ బంక, కాస్త ఉప్పు, చిటికెడు నీలిమందు కలిపాడు. గోడను ముందు నీళ్లతో తడిపి పల్చగా వేశాడు. వేసినప్పుడు చూస్తే గోడకు ఉత్త నీళ్లు కొట్టినట్టే ఉంటుంది. మా తమ్ముడు "ఏందన్నా, కనబడ్తలేదు" అని గొణిగాడు. గంట గడిచేసరికి మూలల నుంచి తెలుపు తేలడం మొదలైంది. తడి ఆరేకొద్దీ ఆ తెలుపు తేలుతుంది. ఆ తర్వాత సున్నం గాలిలోని కార్బన్ డై ఆక్సైడ్‌ను మెల్లగా పీల్చుకుని మళ్లీ రాయిలా మారుతుంది. పల్చగా మూడు పూతలు వేస్తే చాలు. మందంగా ఒకటే పూత వేస్తే పొరలు లేస్తుంది.

మా వదినె "సున్నం అంగీలకు అంటుతది కదా" అంది. కొంచెం అంటుతుంది, నిజమే. వీపు ఆనించే చోట ఒక చాప కొట్టుకోండి. దానికోసం గోడ ఊపిరి ఆపేయక్కర్లేదు. అయితే ఒక మాట. ఇప్పటికే ఎమల్షన్ వేసిన గోడ మీద సున్నం నిలవదు. ముందు అది గీకాల్సిందే. వెనక భాగంలో ఎవరైనా స్లాబు వేసుకుని ఉంటే దాని మీద కూడా తెల్ల సున్నం కొట్టించండి. తెలుపు ఎండను తిప్పికొడుతుంది, లోపల వేడి తగ్గుతుంది. 2023లో రాష్ట్ర ప్రభుత్వం కూల్ రూఫ్ పాలసీ అని పెట్టింది కూడా ఈ సంగతి మీదే.

బండలకు రండి. షాబాద్ బండలు, తాండూరు బండలు ఉన్న ఇంట్లో వాటి మీద టైల్స్ వేయించేవాళ్లను చూస్తే నాకు కడుపు మండుతుంది. మే నెల మధ్యాహ్నం ఒట్టి ఒంటితో పడుకోగలిగిన నేల అది! టైల్ వేస్తే నేల లేచి, ప్రతి దర్వాజ కిందా కోయాలి, కడప మునిగిపోతుంది. తడికి ముసలివాళ్లు జారిపడతారు. బండలు నల్లబడ్డాయంటే సబ్బు నీళ్లు, పీచు, ఓపిక చాలు. సందుల్లో మట్టి గీకి మళ్లీ నింపుకోండి. యాసిడ్ మాత్రం పోయకండి. ఈ బండలు సున్నపురాయి జాతివి, యాసిడ్ పడగానే బుస్సున పొంగి పైపొర తినేస్తుంది. తెల్లబడిందని మురిసిపోతాం, మెరుపు మాత్రం పోతుంది.

దర్వాజ విషయం. మా పెద్ద దర్వాజ మీద పైన గోధుమ రంగు, దాని కింద ఆకుపచ్చ, దాని కింద నీలం. ఏ పెళ్లికి ఆ రంగు. గీకుతూ పోతే అడుగున చిలుకలు, తీగలు చెక్కిన టేకు బయటపడింది. చిలుక కళ్లల్లో రంగు గడ్డకట్టి ఉంటే వడ్లాయన మేకు మొనతో ఒక్కొక్కటీ తీశాడు. అవిసె నూనె పట్టిస్తే సరిపోయింది. చౌకట్టుకు ఒక పక్క చెదలున్నాయి. చెదలంటే తీసి పారేయమని సలహా ఇచ్చినవాళ్లే ఎక్కువ. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి చెదలు పడితే 2018లో సెలైన్ బాటిళ్లు వేలాడదీసి మందు ఎక్కించి కాపాడుకున్నాం కదా, నా చౌకట్టు ఏం పాపం చేసింది? పాడైన ముక్క కోసి కొత్త ముక్క అతికి, తెలిసినవాడితో మందు పెట్టించాం.

వెలుతురు తేలిక. మిద్దె గవాక్షం (వెలుతురు కోసం పైకప్పులో వదిలిన కన్నం) మీద ఎప్పుడో కప్పిన రేకు తీసి మందపాటి అద్దం బిగించాం. వంటిల్లు పగలు లైటు అడగడం మానేసింది. బల్బులు కొనేటప్పుడు డబ్బా మీద 6500కె అని ఉన్న తెల్ల కాంతివి కాకుండా 3000కె ఉన్నవి చూడండి. సున్నం గోడ మీద ఆ పసుపు కాంతి హాయిగా ఉంటుంది. పాత వైరింగ్ ఉంటే ఎర్తింగు, లీకేజీ బ్రేకరు (కరెంటు లీకైతే తనంతట తనే ఆపేసేది) పెట్టించడం వాయిదా వేయకండి. అక్కడ పొదుపు వద్దు. కిటికీలకు అమ్మ పాత నారాయణపేట చీరలే కట్టాం. దివాన్ మీదికి కొయ్యలగూడెం దుప్పటి.

మిగిలిందంతా బాత్‌రూంకే పెట్టాం. పాత ఇళ్లకు అసలు లోటు అదే. గరుకు బండలు, పట్టుకోవడానికి గోడకు రాడ్, రాత్రి దారిలో ఒక లైటు. అమ్మకు టీవీ వెనక ప్యానెల్ కంటే ఆ రాడ్ అవసరం.

చివరిగా ఒక కోపం. ఊళ్ల మీద తిరిగి పాత దర్వాజలు, మొగురాలు కొనేవాళ్లు వస్తున్నారు. చేతిలో నాలుగు నోట్లు పెట్టి పట్టుకుపోతున్నారు. అవే దర్వాజలు హైదరాబాద్ పక్కన ఫామ్‌హౌసుల్లో తేలుతున్నాయి. మనం ఆ డబ్బుతో ప్లైవుడ్ తలుపు కొని, వానకు ఉబ్బితే రందా (చిత్రిక) పట్టిస్తున్నాం. మీ ఇంటికీ వస్తారు. "పుచ్చిపోయిన కట్టె, పొయ్యిలోకి తప్ప పనికిరాదు" అంటారు. మరి లారీ కిరాయి పెట్టుకుని ఎందుకు మోసుకుపోతున్నావయ్యా అని అడగండి.