పాలమూరు గోదాములో అవధానం

మహబూబ్‌నగర్‌లో ఒక మూడంతస్తుల దుకాణం ఉంది. పేరు చెప్పను. చెప్పనక్కరలేదు కూడా, ఈమధ్య ఏ జిల్లా కేంద్రంలో చూసినా అలాంటివి బస్టాండుకు కూతవేటు దూరంలో మూడో నాలుగో కనిపిస్తున్నాయి. కింద కిరాణా, మధ్యలో బట్టలు, పైన గిన్నెలు, చెప్పులు, ప్లాస్టిక్ కుర్చీలు, వెనక గోదాము. ఆ గోదాము తలుపు మీద మొన్నమొన్నటిదాకా ఒక చార్టు అంటించి ఉండేది. ఏ విభాగానికి ఏ కోడో అందులో రాసి ఉండేది. 12 అంటే మసాలా దినుసులు, 18 అంటే సబ్బులు, 41 నూలు చీరలు, 42 పట్టు చీరలు, ఇలా 99 దాకా. కొత్తగా వచ్చిన మేనేజరు దాన్ని చింపించాడు. ఎందుకయ్యా అంటే, చార్టు ఉంటే పనివాళ్ళు దాన్ని చూస్తున్నారట.

ఎంత ఘోరం! గోడకు అంటించిన కాగితాన్ని కళ్ళున్నవాళ్ళు చూడడమా? ఒక్కొక్కరు చార్టు ముందు ఎంతసేపు ఆగుతున్నారో ఆయన గడియారం పట్టుకుని లెక్క తీశాడట. నాలుగు సెకన్లు తేలింది. ఆ నాలుగు సెకన్లను గోదాములోకి వెళ్ళొచ్చే సార్లతో హెచ్చవేసి, దాన్ని పనివాళ్ళ సంఖ్యతో హెచ్చవేసి, దాన్ని మళ్ళీ ఏడాదితో హెచ్చవేసి, సంస్థ ఎంతగా దోపిడీకి గురవుతున్నదో హెడ్డాఫీసుకు నివేదించాడు. హెడ్డాఫీసు మురిసిపోయింది. ఇదే హెచ్చవేతను ఆయన గదిలోకి వెళ్ళే టీ కప్పులకు వర్తింపజేయాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

ఇకనుంచి కోడ్లన్నీ నోటికి రావాలి. ప్రతి సోమవారం పరీక్ష. తప్పినవారికి ఆ నెల ఇన్సెంటివ్‌లో కోత. ఈ సంగతులన్నీ అక్కడే పనిచేస్తున్న మా వీధి చివరింటి అమ్మాయి చెప్పింది. పాలమూరు విశ్వవిద్యాలయం పట్టా ఉన్న పిల్ల, బీకాం. జమాఖర్చులు రాయడం వచ్చు. ఆ విద్యతో దుకాణానికి అవసరం పడలేదు.

అజ్ఞానం కొద్దీ మనం దీన్ని వేధింపు అనుకుంటాం గానీ, నిదానంగా ఆలోచిస్తే ఇది సాహిత్య సేవ. ‘విద్వద్గద్వాల’, అంటే పండితుల గద్వాల, అని పేరు పడ్డ సంస్థానం వెలిగిన నేల ఇది. కవులను పిలిచి, పరీక్షించి, శాలువాలు కప్పి పంపిన నేల. సంస్థానాలు పోయాక ధారణ విద్యను పోషించే ప్రభువు లేక, పలువురు అడిగే చిక్కు ప్రశ్నలకు కాగితం లేకుండా పద్యాల్లో జవాబు చెప్పే అవధానం చిక్కిపోతుంటే, ఇన్నాళ్ళకు ఒక సూపర్ మార్కెట్ ముందుకొచ్చింది. శాలువాల విభాగం ఎలాగూ ఉంది. కప్పడమే మిగిలింది.

సభ ఉదయం తొమ్మిదిన్నరకు మొదలవుతుంది. షట్టరు సగమే లేచి ఉంటుంది. కందిపప్పు బస్తాలకూ సబ్బుపొడి పెట్టెలకూ నడుమ అవధానులు వరుసగా నిలబడతారు. నిలబడతారన్న మాట గుర్తుపెట్టుకోండి, దానితో తర్వాత పని ఉంది. సూపర్‌వైజరు పృచ్ఛకుడు, అంటే ప్రశ్నలడిగేవాడు.

“27?”

“అగరుబత్తులు, కర్పూరం, దీపం వత్తులు!”

“33?”

“పిల్లల డైపర్లు!”

“56?”

నిశ్శబ్దం. ఒకరు గిన్నెలంటారు, ఒకరు గ్లాసులంటారు. అప్పుడే బస్తా దించి నడుం పట్టుకున్న హమాలీ వెనక నుంచి అందుకుంటాడు: “కుక్కర్లు సార్. కుక్కరు రబ్బర్లు మాత్రం 57.” అతనికి పరీక్ష లేదు, ఇన్సెంటివూ లేదు, పట్టాలూ లేవు. మోసి మోసి అతని భుజానికే అవి కంఠస్థమయ్యాయి. సూపర్‌వైజరు అతణ్ని మెచ్చుకోలేదు, మధ్యలో మాట్లాడవద్దన్నాడు.

అవధానానికి కావలసిన అంగాలన్నీ ఉన్నాయి. కౌంటరు దగ్గర ఎవరో స్కానరును పరీక్షిస్తుంటే అది కుయ్యి కుయ్యిమని మోగుతుంది. అది ఘంటాగణనం, గంట ఎన్నిసార్లు మోగిందో లెక్కపెట్టే అంగం. షట్టరు కింద వంగి తల లోపలికి పెట్టిన ఒక పెద్దమనిషి “అమ్మా, పెరుగు వచ్చిందా?” అని అడుగుతాడు. అది అప్రస్తుత ప్రసంగం, ధ్యాస చెదరగొట్టే పక్కమాట. నిషిద్ధాక్షరిలో నిషేధించిన అక్షరం ఒక్కటే, ‘కూ’. దానితో మొదలుపెడితే ‘కూర్చుంటాను’ అనే అవకాశం ఉంది.

ఇక సమస్యాపూరణం, చిక్కు పాదం ఒకటి ఇస్తే పద్యం పూర్తిచేసే అంగం. ఆ సోమవారం ఇచ్చిన సమస్య గద్వాల చీర.

గద్వాల చీరకు ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు. రెంటినీ పోగుకు పోగు కలిపి విడిపోకుండా ముడివేయడంలోనే ఉంది ఆ నేతగాళ్ళ పనితనం. ఇప్పుడు చెప్పండి, అది 41లో ఉండాలా, 42లో ఉండాలా? ఒకమ్మాయి 41 అంది. ఆడవాళ్ళు కట్టుకునేది ఒంటినే గదా సార్, ఒళ్ళు నూలే గదా, అని ఆమె వాదం. సూపర్‌వైజరు ధర చీటీ చూసి 42 అన్నాడు. ఇంత ధర నూలుకు ఉండదని ఆయన శాస్త్రం. మేనేజరు స్వయంగా విచ్చేసి, చీర తెప్పించి, మడతలు విప్పించి, టేపుతో ఒంటినీ అంచునూ విడివిడిగా కొలిపించాడు. చీర గోదాము ఈ చివర నుంచి పప్పు బస్తాల మీదుగా ఆ చివరికి పరుచుకుంది. ఇంతలో ఒక కుర్రవాడు, చీరను 41లో పెట్టి అంచును 42లో వేలాడదీద్దాం సార్ అన్నాడు. అందరూ నవ్వు ఆపుకున్నారు. మేనేజరుకు నవ్వు రాలేదు. రెండు ర్యాకులూ పక్కపక్కనే ఉన్నాయా అని అడిగాడు.

చివరికి హెడ్డాఫీసుకు ఫోను చేశారు. అక్కడి యువకుడు ఓపికగా అంతా విని, “గద్వాల అనేది బ్రాండా?” అని అడిగాడు. ఊరని చెప్పారు. ఊళ్ళకు మన దగ్గర కోడ్లు లేవండి, 99లో వేయండి, అన్నాడు. సమస్య పూరించబడింది. సభ చప్పట్లు కొట్టలేదు, ఎందుకంటే సభ చేతుల్లో చీర ఉంది.

జీఎస్టీ లెక్కల్లోనూ ఇలాంటి చిక్కే ఉంది. ఆ వర్గీకరణలో పట్టుది 50వ అధ్యాయం, నూలుది 52వ అధ్యాయం. రెండూ కలిస్తే బరువులో ఏది ఎక్కువో దాని కింద వేయమంటుంది నిబంధన. ప్రభుత్వాన్ని తిట్టడం నా నిత్యకృత్యమే అయినా, ఈ ఒక్క విషయంలో ఆయనగారి దగ్గర కనీసం ఒక తక్కెడ ఉందని ఒప్పుకుంటాను.

99 అంటే ‘ఇతరాలు’. ఒకసారి అందులో ఏమేమున్నాయో అడిగి తెలుసుకున్నాను. చాటలు, ముగ్గుపిండి, జొన్నరొట్టె పెనాలు, బోనాల కుండలు, గొంగళ్ళు, జొన్నపిండి. ఇప్పుడు గద్వాల చీరలు. జొన్నరొట్టె తిని ఎదిగిన జిల్లాలో జొన్నపిండి ఇతరాల్లో చేరింది. ఓట్స్‌కు సొంత కోడుంది. పాలమూరులో పాలమూరే ఇతరం.

పూర్వులు ఈ విషయంలో ఎంత వెనకబడి ఉండేవారో చూడండి. వాళ్ళకు అంకెలు గుర్తుండేవి కావని ఒక్కో అక్షరానికి ఒక అంకె చొప్పున కటపయాది పద్ధతి పెట్టుకుని అంకెలను మాటల్లో దాచుకున్నారు. ధీరశంకరాభరణం అనే రాగం పేరులో మొదటి రెండు అక్షరాలు తీసుకుంటే ధ తొమ్మిది, ర రెండు, తిరగేస్తే 29, అంటే అది కర్ణాటక సంగీతంలో ఇరవైతొమ్మిదో మేళకర్త, అనగా మూల రాగం. అంకె మరిచినా రాగం పేరే చెబుతుంది. మన మేనేజరు ఉప్పును, పసుపును, చీపురును తీసుకుని వాటిని అంకెలు చేసి, ఆ అంకెలను మనిషిలో దాచమంటున్నాడు.

అసలు ఈ భారం యంత్రానికి అప్పగించి 50 ఏళ్ళు దాటింది. 1974 జూన్ 26న అమెరికాలోని ఒహాయో రాష్ట్రం ట్రాయ్ పట్టణంలో ఒక చూయింగ్ గమ్ పొట్లాం మీది బార్‌కోడ్‌ను దుకాణం కౌంటరులో స్కాన్ చేశారు. ఇప్పుడు మన దేశంలో నమోదైన కంపెనీల సరుకు మీద 890తో మొదలయ్యే 13 అంకెలుంటాయి. వాటిలో చివరిది కేవలం తప్పు పట్టడానికే ఉంది. ముందున్న 12 అంకెల్లో ఒక్కటి తేడాగా చదివినా యంత్రానికి తెలిసిపోతుంది. యంత్రం కూడా పొరబడుతుందని ముందే ఊహించి దానికొక అంకె ఇచ్చారు. ఇరవై రెండేళ్ళ పిల్లకు ఇచ్చింది ఇన్సెంటివ్‌లో కోత. ఆ గోదాములో స్కాన్ చేసే చేతి యంత్రాలు రెండున్నాయి. ఒకదాని బ్యాటరీ పోయింది. రెండోది పాడవుతుందని మేనేజరు సొరుగులో భద్రంగా ఉంది.

కోడ్లు తెలియడం తప్పని నేను అనడం లేదు. పెట్టెల మీద పేరుండదు, నంబరే ఉంటుంది. నంబరు తెలిసిన మనిషి నాలుగు పెట్టెలు విప్పకుండా నేరుగా వెళ్ళి ఐదో పెట్టె తెస్తుంది. ఎవరూ బెదిరించకుండానే, పనిలో పడ్డ నెలా రెండు నెలల్లో అది దానంతట అదే అబ్బుతుంది. హమాలీకి అబ్బలేదా? కాని అలా మిగిలిన సమయం ఎవరి ఖాతాలో పడింది? బట్టల విభాగంలో ఆరుగురు ఉండేవారు. ఆరుగురికీ కోడ్లు నోటికి వచ్చాయి, పని వేగం పుంజుకుంది. వేగం పుంజుకుంది కాబట్టి నలుగురు చాలన్నారు. బాగా అప్పజెప్పిన పిల్లకు దక్కిన బహుమానం పక్కపిల్ల చాకిరీ. తీసేసిన ఇద్దరూ పరీక్షలో ఎప్పుడూ తప్పలేదు.

ఇందాక గుర్తుపెట్టుకోమన్న మాటకు వద్దాం. తొమ్మిదిన్నరకు నిలబడ్డవాళ్ళు రాత్రి షట్టరు దించేదాకా నిలబడే ఉంటారు. కౌంటరు దగ్గర స్టూలు లేదు. గిరాకీ లేని మధ్యాహ్నం రెండింటికి గోడకు ఆనుకున్నా సీసీ కెమెరాలో చూసి పైనుంచి ఫోను చేస్తారు. కోళికోడ్ దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్ళు కూర్చునే హక్కు కోసం రోడ్డెక్కి పోరాడితే 2018లో కేరళ చట్టం మార్చింది. 2021లో తమిళనాడు కూడా మార్చింది. కూర్చోవడానికి చట్టం! ఒక మనిషి కాళ్ళు లాగుతున్నాయని చెప్పడానికి శాసనసభ కావలసి వచ్చింది. ఇక్కడ మూడో అంతస్తులో ప్లాస్టిక్ కుర్చీలు ఒకదాని మీద ఒకటి కప్పుదాకా పేర్చి ఉన్నాయి. వాటి కోడు 63. సోమవారం పరీక్షలో అడుగుతారు కూడా. ఆ పిల్ల 63 అంటే కుర్చీలని వెంటనే చెప్పాలి, చెప్పి నిలబడాలి.

సిగ్గుండాలి. ఈ జిల్లా మనుషులు పొట్ట చేతపట్టుకుని దేశమంతా తిరిగారు. పాలమూరు లేబరు అన్న పేరుతో పరాయి రాష్ట్రాల్లో కాలువలు తవ్వారు, ఆనకట్టలు కట్టారు, రాళ్ళ మీద పడుకున్నారు. పిల్లలు నీడపట్టున బతకాలని కళాశాలలకు పంపారు. నీడ దొరికింది. ఆ నీడలో కాళ్ళ నరాలు ఉబ్బిన ఆడపిల్లను పట్టుకుని, తల్లి తట్ట మోసి చదివించిన పిల్లను పట్టుకుని, నీకు జ్ఞాపకశక్తి తక్కువ అంటాడా ఈ పెద్దమనిషి? తలుపు మీది కాగితం ఒకటి చింపేసి?

దసరాకు ముందు హెడ్డాఫీసు కొత్త సాఫ్ట్‌వేరు తెచ్చింది. దానికి రెండంకెల కోడ్లు పనికిరావట; అన్నీ నాలుగంకెలయ్యాయి. పండుగ గిరాకీలో జనం ఒకరినొకరు తోసుకుంటుంటే పనివాళ్ళు పాతది మరిచిపోలేక, కొత్తది పట్టుబడక, 27 కోసం బయలుదేరి 2700 దగ్గర తేలారు. అక్కడ కర్పూరం లేదు, బకెట్లున్నాయి. బతుకమ్మకు తాంబాళం అడిగిన ఒకావిడ చేతికి ఎలుకల బోను వచ్చింది. ఆ వారం పరీక్షలో తప్పింది ఒక్కరే, పరీక్ష పెట్టిన సూపర్‌వైజరు. ఆయన జవాబుల కాగితం చూసి అడుగుతున్నాడు గనక బయటపడలేదు.

మా వీధి అమ్మాయి దీపావళికి మానేసింది. ఎదురుగా తెరిచిన మరో దుకాణంలో అడిగితే, అనుభవం ఉందా అన్నారట. ఉందంది. “మా కోడ్లు వేరమ్మా, మాకు నువ్వు కొత్తదానివే” అని కొత్తవాళ్ళ జీతమే రాసి సంతకం పెట్టించుకున్నారు.