అడక్కుండా అడిగే కులం

కొత్తగా చేరిన విద్యార్థిని ముందు ఇంటిపేరు అడుగుతారు. దాంతో తేలకపోతే ఊరు. అదీ చాలకపోతే ‘ఇంతకీ మీరేమిట్లు?’ హాస్టల్లో ఈ ఆరా ముగిశాక ‘ర్యాంకెంత?’ అన్న ప్రశ్నకు అర్థమే మారిపోతుంది. ‘నిన్ను చూస్తే అలా అనిపించదు’ అన్నది మెచ్చుకోలట! అన్నవారు మరుక్షణం మరచిపోతారు. పడినవారికి అది బడి నుంచీ వింటున్న మాటే.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో అవమానాలపై ఉన్న నిబంధన కావాలని కించపరచడాన్నే, అదీ నలుగురి కంటపడే చోట జరిగితేనే నేరమంటుంది. బయటివారెవరూ లేని నాలుగు గోడల మధ్య అన్న మాట ఈ నిబంధన కిందికి రాదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. జోకుగానో జాలిగానో అన్నదానికి ఉద్దేశం రుజువు చేయడం మరీ కష్టం. కాబట్టి ఇలాంటి మాటను ఆపే బాధ్యత ముందుగా పక్కనున్నవారిది. బాధితుడే ఎదురు చెబితే ‘ప్రతిదానికీ రాద్ధాంతం’ అంటారు. అన్నది అధ్యాపకుడైతే, ఇంటర్నల్ మార్కులు ఆయన చేతిలోనే ఉంటాయి. అదే పక్క బెంచీవాడు ‘ఆ సంగతి ఇప్పుడెందుకండీ?’ అని మామూలు గొంతుతో అడిగితే చాలు, సంభాషణ అక్కడితో ఆగుతుంది. ఉపన్యాసం ఇవ్వబోతే మాత్రం తగవు ముదిరి, బాధితుడే మళ్లీ అందరి కళ్లలో పడతాడు. తర్వాత విడిగా కలిసి ‘నేను విన్నాను, ఫిర్యాదు చేస్తే సాక్ష్యం చెబుతా’ అనడం ఇంకా విలువైనది. తేదీ, చోటు, అన్న మాట అన్నట్టుగా, విన్నవారి పేర్లు ఆ రోజే రాసిపెట్టుకోవాలి. నెల తర్వాత రాస్తే మాట మారుతుంది, ఫిర్యాదు అక్కడే వీగిపోతుంది.

నోరు జారినవారు ‘క్షమించు, తప్పుగా అన్నాను’ అని ఊరుకోవాలి. ‘నాకూ దళిత స్నేహితులున్నారు’ అని మొదలుపెడితే ఎదుటివాడే ఓదార్చాల్సి వస్తుంది.

ఢిల్లీ ఎయిమ్స్‌లో కుల వివక్షపై తొరాట్ కమిటీ 2007లోనే నివేదిక ఇచ్చింది. 2012లో విశ్వవిద్యాలయాల నియంత్రణ సంస్థ యూజీసీ ప్రతి విద్యాసంస్థలో వివక్ష నిరోధక అధికారి ఉండాలంది. ఆ తర్వాతే 2016లో హైదరాబాద్‌లో పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల, 2019లో ముంబయిలో వైద్య విద్యార్థిని పాయల్ తడ్వి ప్రాణాలు తీసుకున్నారు. మన కళాశాలల్లో ఆ అధికారి ఎవరో ఎంతమంది విద్యార్థులకు తెలుసు? ఆ పేరు, ఫోన్ నంబరు హాస్టల్ నోటీసు బోర్డుపై ఉండాలి. స్కాలర్‌షిప్ జాబితాను తరగతిలో బిగ్గరగా చదవడం మానాలి. ల్యాబ్ జట్లను రోల్ నంబర్ల వరుసలో వేయాలి. జవాబు పత్రం మీద నంబరే ఉండాలి, వైవా గదిలో ఇద్దరు పరీక్షకులుండాలి. వీటిలో దేనికీ కొత్త జీవో అక్కర్లేదు. ప్రిన్సిపాల్ సంతకంతో ఒక సర్క్యులర్ చాలు.