సవరణ: కార్ల్ తనంత తాను వెళ్లలేదు

2014లో వచ్చిన వేలియంట్ హార్ట్స్ అనే వీడియో గేమ్ గురించి రాసిన పోస్టులో, అందులోని కార్ల్ అనే పాత్ర తన ఇష్టంతోనే జర్మన్ సైన్యంలో చేరాడన్నాను. అది తప్పు. మొదటి ప్రపంచ యుద్ధం మొదలవగానే, జర్మన్ అన్న ఒక్క కారణంతో ఫ్రాన్స్ అతన్ని వెళ్లగొట్టింది. స్వదేశం చేరాక బలవంతంగా సైనికుణ్ణి చేశారు.

ఎమిల్ అనే మరో పాత్ర కార్ల్‌కి తండ్రి అన్నదీ పొరపాటే. ఆయన కార్ల్ భార్య మేరీకి తండ్రి, అంటే కార్ల్‌కి మామగారు. ఇది చిన్న తేడా కాదు. అల్లుడు ఒక సైన్యంలో, మామ ఎదుటి సైన్యంలో, ఇంటి దగ్గర పసివాడితో మేరీ... కథకి ప్రాణమంతా అక్కడే ఉంది. కార్ల్ కావాలనే వెళ్లాడనుకుంటే, ఇల్లు చేరడానికి అతను పడ్డ పాట్లకి అర్థమే ఉండదు. అందుకే ఆ రెండు వాక్యాలూ మార్చాను. తప్పుగా చదివించినందుకు క్షమించండి.