ఎర్రబస్సు ఎక్కనివాళ్ల ఓపిక

సమ్మె అనగానే టీవీ చర్చల్లో మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: మరి ప్రజల ఇబ్బందుల మాటేమిటి? అడిగే యాంకరు స్టూడియోకు కారులో వచ్చి ఉంటారు. జవాబు చెప్పే మంత్రిగారికి కాన్వాయ్ ఉంటుంది. బోనులో నిలబడేది మాత్రం ఖాకీ చొక్కా డ్రైవరు.

ఆ ప్రశ్న తప్పని నేననను. సగమే అడిగి ఊరుకుంటున్నామంటాను. ఏ ప్రజల ఇబ్బంది? ఎవరికి ఇబ్బంది అయితే ఎన్ని రోజుల్లో సర్కారు దిగివస్తోంది? గత పదీ పదిహేనేళ్లలో మన రెండు రాష్ట్రాల సమ్మెలను వరసగా పెట్టి చూస్తే నాకు ఒక్కటే కనిపిస్తుంది. సమ్మె ఎన్నాళ్లు సాగిందన్నదాన్ని బట్టి నొప్పి ఎవరికి తగిలిందో చెప్పేయవచ్చు.

2013 చూడండి. విభజనకు వ్యతిరేకంగా సీమాంధ్రలో ఎన్జీవోలు, అంటే ప్రభుత్వ ఉద్యోగులు, ఆగస్టులో సమ్మెకు దిగారు. ఆఫీసులు మూతబడ్డాయి, డిపోల్లో బస్సులు నిలిచిపోయాయి, బడి పిల్లలు ఇళ్లలోనే ఉన్నారు. రెండు నెలలు గడిచినా ఎవరికీ తొందర పుట్టలేదు. అక్టోబరులో విద్యుత్ ఉద్యోగులు విధులు మానేశారు. రైళ్లు ఆగాయి, ఆసుపత్రులు జనరేటర్ల మీద నడిచాయి, పెద్దవాళ్ల ఇళ్లలోనూ ఏసీలు ఆగాయి. ముఖ్యమంత్రి కిరణ్‌కుమార్‌రెడ్డి స్వయంగా చర్చలకు కూర్చున్నారు. ఫైలిన్ తుపాను ముంచుకొస్తోందన్న కారణమూ తోడైంది. వారం తిరక్కుండానే విద్యుత్ సమ్మె ఆగింది. (విభజన ఆగలేదు, అది వేరే కథ.)

2015 మేలో ఫిట్‌మెంట్ (వేతన సవరణలో పెంపు) కోసం రెండు రాష్ట్రాల ఆర్టీసీ కార్మికులూ ఒకేసారి బస్సులు ఆపారు. 6న మొదలైన సమ్మె 13న ముగిసింది. ఆంధ్రప్రదేశ్ 43 శాతం ఇచ్చింది, తెలంగాణ 44 ఇచ్చింది. ఆంధ్రలో ఎంసెట్ సమ్మె మధ్యలోనే, 8న జరిగిపోయింది. తెలంగాణ ఎంసెట్ 14న. ఇంజినీరింగు సీటు మీద ఆశలు పెట్టుకున్న లక్షల ఇళ్ల కళ్లన్నీ ఆ తేదీ మీదే ఉన్నాయి. పదమూడున సమ్మె ముగియడం కాకతాళీయమే అనేవాళ్లు అనవచ్చు. కొత్త రాష్ట్రం, ఉద్యమంలో కలిసి నడిచిన కార్మికులు, తొలి ఏడాది మురిపెం, ఇవీ కారణాలేనని నేనూ ఒప్పుకుంటాను. తెలంగాణలో ఆ కార్మికులే, ఆ ముఖ్యమంత్రి కేసీఆరే, నాలుగేళ్ల తర్వాత ఏమైందో చూశాం కదా.

2019 అక్టోబరు 5. దసరాకు మూడు రోజుల ముందు. సమ్మె నోటీసులు సెప్టెంబరులోనే అందాయి. ముగ్గురు ఐఏఎస్‌లతో సర్కారు కమిటీ వేసింది మాత్రం అక్టోబరు వచ్చాక. తెలంగాణ ఆర్టీసీని ప్రభుత్వంలో విలీనం చేయమంటూ 48 వేల మంది పైచిలుకు కార్మికులు బయటికి వచ్చారు. గడువులోగా డ్యూటీలో చేరనివాళ్లంతా తమంతట తామే ఉద్యోగాలు పోగొట్టుకున్నట్టేనని కేసీఆర్ తేల్చేశారు. ‘సెల్ఫ్ డిస్మిస్’ అన్న మాట తెలుగువాడి నోట్లో నానింది అప్పుడే. ఏ లేబర్ చట్టంలోనూ ఆ మాట లేదు.

ఆ అక్టోబరులో ఎల్బీనగర్ చౌరస్తాలో నిలబడ్డవాళ్లకు గుర్తుండే ఉంటుంది. పండక్కి ఊరెళ్లాల్సిన జనం పెట్టెలూ పిల్లలతో రోడ్డు మీద ఉన్నారు. జీపువాడు చెప్పిందే చార్జీ. తిరిగిన బస్సుల్లో స్టీరింగు పట్టింది నిన్న మొన్న దొరికిన డ్రైవరు, పక్కన టికెట్లు కొట్టే టిమ్ మిషన్ లేని కండక్టరు. విద్యార్థుల పాసులు చెల్లవని దించేసిన సంగతులు పేపర్లలో వచ్చాయి. దసరా సెలవులు 19 దాకా పొడిగించారు. పిల్లల్ని బడికి చేర్చే దారి లేకపోతే బడినే మూసేశారన్నమాట! కారు ఉన్నవాడికి అదనపు సెలవు దొరికింది. లేనివాడికి కూలి పోయింది.

నా లెక్కలో అసలు మలుపు బస్టాండులో లేదు, హుజూర్‌నగర్‌లో ఉంది. సమ్మె మంచి ఊపులో ఉండగా, అక్టోబరు 21న అక్కడ ఉప ఎన్నిక జరిగింది. 24న ఫలితం వచ్చింది. అధికార పార్టీ 43 వేల పైచిలుకు మెజారిటీతో గెలిచింది. ఆ సాయంత్రమే ముఖ్యమంత్రి ప్రెస్‌మీట్ పెట్టారు. స్వరంలో రాజీ అన్నది లేదు. నవంబరు 2న మంత్రివర్గం 5,100 రూట్లను ప్రైవేటుకు ఇవ్వాలని తీర్మానించింది. జనానికి కష్టం ఉందని సర్కారుకు తెలుసు. ఆ కష్టం ఓటు పెట్టెదాకా రాదని కూడా ఆ రోజే తెలిసింది. ఇంక తొందరేముంటుంది?

కార్మికులకు సెప్టెంబరు జీతం కూడా అందలేదు. అది సమ్మెకు ముందు పనిచేసిన నెల. ఖమ్మంలో ఒక డ్రైవరు ఒంటికి నిప్పంటించుకుని చనిపోయాడు. మరికొందరు గుండె ఆగి పోయారు. చివరికి నవంబరు 25న కార్మిక సంఘాల జేఏసీ తనే సమ్మె విరమించింది. మర్నాడు తెల్లవారుజామున డిపోల ముందుకొచ్చిన కార్మికుల్ని పోలీసులు పట్టుకుని వ్యాన్లెక్కించారు. ఆ రోజే బంజారాహిల్స్‌లో తాత్కాలిక డ్రైవరు నడుపుతున్న బస్సు కింద పడి ఒక ఉద్యోగిని చనిపోయింది. సమ్మె లేని రోజున, డ్యూటీ చేస్తామని గేటు ముందు నిలబడ్డ డ్రైవర్లున్న రోజున జరిగింది అది. ఆ ప్రాణాన్ని ఏ ఖాతాలో రాస్తారు? సమ్మె ఖాతాలోనా?

డ్యూటీలోకి రమ్మని 28న పిలుపొచ్చింది. చేరిన నాలుగు రోజులకే చార్జీలు కిలోమీటరుకు 20 పైసలు పెరిగాయి. 52 రోజులు జీపులకూ ఆటోలకూ రెండింతలు పోసినవాడే మళ్లీ ఆ బిల్లు కట్టాడు.

అవతలి వాదన ఉంది, అందులో బలమూ ఉంది. దసరా ముంగిట బస్సులు ఆపడం తెలిసి చేసిన పనే. జనం ఇబ్బంది పడితేనే సర్కారు దిగివస్తుందని సంఘాలూ లెక్క వేసుకున్నాయి, ఆ లెక్క మంచిది కాదు. నష్టాల్లో మునిగిన సంస్థను బడ్జెట్టులో కలిపితే నష్టం మాయం కాదు, ఖజానా మీదకు మారుతుందంతే అన్నదీ నిజమే. కానీ విలీనం ససేమిరా కుదరదన్న అదే ప్రభుత్వం 2023 జులై 31న విలీనానికి మంత్రివర్గంలో ఆమోదం తెలిపింది. ఆగస్టు 6న అసెంబ్లీలో బిల్లూ పాసైంది. మధ్యలో గవర్నరు దగ్గర ఫైలు ఆగితే కార్మికులు రెండు గంటలు బస్సులాపి రాజ్‌భవన్‌కు వెళ్లారు, ఆ సమ్మెను సర్కారులో ఎవరూ తప్పుపట్టలేదు. నాలుగేళ్లలో ఆర్థికశాస్త్రం మారలేదు. ఎన్నికలు నాలుగు నెలల్లోకి వచ్చాయి.

ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరి 1 నుంచే విలీనం అమల్లోకి వచ్చింది కాబట్టి అక్కడ కథ వేరనుకోకండి. 2023 డిసెంబరు 12న అంగన్‌వాడీలు సమ్మెకు దిగారు. 42 రోజులు సాగింది. టీచరుకు నెలకు 11,500, ఆయాకు 7,000. జీతం పెంచమంటే వాళ్లు ఉద్యోగులు కారు, గౌరవ వేతనం మీద పనిచేసేవాళ్లు. సమ్మె చేస్తే మాత్రం అత్యవసర సేవలు! జనవరి 6న అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే ఎస్మా చట్టం ప్రయోగించారు. కేంద్రాల తాళాలు పగలగొట్టి సచివాలయ సిబ్బందితో నడిపించే ప్రయత్నమూ జరిగింది. 42 రోజులు గుడ్డూ పాలూ సరిగా అందనిది ఎవరి పిల్లలకు? నిర్ణయం తీసుకునే గదిలో కూర్చున్న ఏ ఒక్కరి పిల్లలకూ కాదు.

సమ్మె కన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఇదే. చిన్న ఊరి నుంచి కొత్తగా వచ్చినవాణ్ణి ‘ఎర్రబస్సు దిగి వచ్చావా’ అని వెక్కిరించే భాష మనది. ఆ బస్సే దిగి వచ్చి ఎమ్మెల్యేలైనవాళ్లున్నారు, సెక్రటరీలైనవాళ్లున్నారు. దిగాక మళ్లీ ఎక్కలేదు. జ్వరమొస్తే కార్పొరేట్ ఆసుపత్రికి వెళ్లి బిల్లు రీయింబర్స్ చేయించుకుంటారు. పిల్లలు ఇంటర్నేషనల్ స్కూల్లో ఉంటారు. ఒక కలెక్టరు ఇంట్లో కాన్పు సర్కారు దవాఖానాలో జరిగితే ఫొటోతో సహా వార్త అవుతుంది. వార్త అయిందంటేనే ఎంత అరుదో తెలుస్తోంది కదా. ప్రభుత్వ జీతం తీసుకునేవాళ్లూ ప్రజాప్రతినిధులూ పిల్లల్ని సర్కారు ప్రాథమిక బడుల్లోనే చదివించాలని 2015 ఆగస్టులో అలహాబాద్ హైకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పు చదివి నవ్వుకున్న అధికారులు నాకు తెలుసు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎందుకంటే సేవ ఆగినా ఆ గదిలో ఎవరి రోజూ చెడదు. చెడనప్పుడు 52 రోజులు ఓపిక పట్టడం గొప్ప విషయమేమీ కాదు. ఒడ్డున కూర్చున్నవాడు ఎంతసేపైనా ఈత పోటీ చూడగలడు.

చట్టమూ ఆ ఒడ్డునే కూర్చుంది. ప్రజోపయోగ సేవలో ఉన్న కార్మికుడు ముందుగా నోటీసివ్వాలి, రోజులు లెక్కపెట్టుకోవాలి, రాజీ చర్చలు నడుస్తుంటే సమ్మె చేయకూడదు. ఇవన్నీ ఉండాల్సినవే. ఆ నోటీసు అందాక ఫలానా రోజులోగా మంత్రి ఎదుటికొచ్చి కూర్చోవాలని, కూర్చోకపోతే అయ్యే నష్టానికి ఆయనే జవాబుదారీ అని మాత్రం ఎక్కడా లేదు. గడియారం ఒకవైపే తిరుగుతుంది. అది రెండువైపులా తిరిగితే ఎస్మా అవసరం సగం తప్పుతుందని నా నమ్మకం. ఎస్మా జీవో రాసే చేత్తోనే చర్చల తేదీ కూడా రాయించవచ్చు.

2025లో తెలంగాణ ఆర్టీసీ కార్మికులు మళ్లీ నోటీసిచ్చారు. 2023లో చట్టమైన విలీనం అప్పటికీ డిమాండ్ల జాబితాలోనే ఉంది. మే 7 నుంచి సమ్మె అన్నారు. 6నే రవాణా మంత్రి పొన్నం ప్రభాకర్ చర్చలు జరిపారు, ముగ్గురు ఐఏఎస్‌లతో కమిటీ వేశారు, సమ్మె వాయిదా పడింది. 2019లో కూడా ముగ్గురు ఐఏఎస్‌లే. అప్పటికి లేనిది మహాలక్ష్మి, మహిళలకు ఉచిత బస్సు ప్రయాణ పథకం. రోజూ లక్షల మంది మహిళలు జీరో టికెట్టు మీద ప్రయాణిస్తున్నారు, ఆ బస్సులే కాంగ్రెస్ సర్కారు చూపించుకునే మొదటి గ్యారంటీ. అవి ఒక్క పూట డిపో దాటకపోతే ఫోన్లు మోగేది ఎమ్మెల్యేల ఇళ్లలోనే.