బడిలో చేరారు సరే, చదువు వస్తోందా?

2003 జనవరిలో కెన్యా ప్రాథమిక బడుల్లో ఫీజులు ఎత్తేసింది. పది లక్షల మందికి పైగా పిల్లలు కొత్తగా వచ్చి చేరారు. మరుసటి ఏడాది కిమాని మరుగే అనే 84 ఏళ్ల పెద్దాయన కూడా యూనిఫాం వేసుకుని ఒకటో తరగతిలో కూర్చుని గిన్నిస్ రికార్డుల్లోకి ఎక్కాడు. అంతకుముందే మలావీ 1994లో, ఉగాండా 1997లో ఇదే పని చేశాయి. అక్కడా తరగతి గదులు పట్టనంతమంది వచ్చారు. పేదవాళ్లకు చదువు మీద ఆసక్తి ఉండదని తేలిగ్గా మాట్లాడేవాళ్లకు ఈ మూడు దేశాలు చాలు.

కానీ బడిలో చేరడం వేరు, చదువు రావడం వేరు. పేద, మధ్యాదాయ దేశాల్లో పదేళ్ల పిల్లల్లో సుమారు 70 శాతం మంది ఒక చిన్న కథ చదివి అర్థం చేసుకోలేరని ప్రపంచ బ్యాంకు, యునెస్కో తదితర సంస్థలు 2022లో అంచనా వేశాయి. కరోనా వల్ల అని సరిపెట్టుకోవడానికి లేదు, అంతకుముందే అది 57 శాతం. ఈ లెక్కలో బడి మొహం చూడనివాళ్లూ ఉన్నారు. కానీ ఎక్కువమంది రోజూ సంచీ తగిలించుకుని వెళ్లొస్తున్నవాళ్లే.

ఇలాంటి అంకెలు బయటికొచ్చినప్పుడల్లా ప్రభుత్వాలకు ముందు గుర్తొచ్చేది ఏదో ఒకటి కొనడం, లేదా జీవో ఇచ్చి చేతులు దులుపుకోవడం. పెరూ లక్షల ల్యాప్‌టాప్‌లు పంచింది. లెక్కల్లో, భాషలో పిల్లలు మెరుగుపడలేదని 2012లో వచ్చిన అధ్యయనం తేల్చింది. ఇండోనేషియా 2005లో చట్టం చేసి, సర్టిఫికెట్ పొందిన టీచర్ల ఆదాయాన్ని దాదాపు రెట్టింపు చేసింది. టీచర్లకు అప్పుల టెన్షన్ తగ్గింది, పిల్లల మార్కులు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. జీతాలు పెంచొద్దని కాదు. జీతం పెరిగిన మర్నాడు కూడా ఆ టీచరు అదే పాఠాన్ని, అదే వేగంతో, అదే ముందు బెంచీలను చూస్తూ చెబుతుంటే మార్పు ఎక్కడి నుంచి వస్తుంది?

కెన్యాలోనే జరిగిన ఇంకో ప్రయోగం నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపిస్తుంది. నలుగురైదుగురు ఒకే పుస్తకం మీద వంగి చదువుకునే బడులకు కొత్త పాఠ్యపుస్తకాలు ఇచ్చారు. మార్కులు పెరగాలి కదా? సగటున పెరగలేదు. అప్పటికే బాగా చదివే కొద్దిమందికే ఉపయోగపడ్డాయి. ఆ పుస్తకాలు ఇంగ్లీషులో ఉన్నాయి. చాలామంది పిల్లలకు అది మూడో భాష. మిగతావాళ్లు వాటిని చదవలేకపోయారు, అంతే. ఈ ప్రయోగం చేసిన పరిశోధకుల్లో ఒకరైన మైకేల్ క్రెమర్ 2019లో అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లోలతో కలిసి ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్నారు.

అసలు చిక్కు అక్కడుంది. సిలబస్ తయారు చేసేవాళ్ల మనసులో ఉండేది కాలేజీ దాకా వెళ్లే పిల్లాడు. ఒకటో తరగతిలో అక్షరాలు రాకపోతే రెండో తరగతి వాటి కోసం ఆగదు. మూడో తరగతికొచ్చేసరికి టీచరు బోర్డు మీద రాసింది నోటుబుక్కులోకి ఎక్కించుకోవడమే ఆ పిల్లలకు తెలిసిన చదువు. తనిఖీకి వచ్చిన అధికారి అడిగేది కూడా ‘ఎన్నో పాఠంలో ఉన్నారు?’ అనే. ఎంతమందికి చదవడం వచ్చింది అని కాదు.

ముంబైలో మొదలైన ప్రథమ్ సంస్థ ఈ పద్ధతిని తలకిందులు చేసింది. ఒక కాగితం మీద అక్షరాలు, మాటలు, చిన్న పేరా, ఒక కథ. పిల్లలను ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని చదివించి, ఎక్కడ ఆగిపోయారో చూస్తారు. కొద్ది నిమిషాల పని. ఆ తర్వాత మూడు, నాలుగు, ఐదు తరగతుల తేడా చూడకుండా, ఎవరు ఎక్కడ ఆగారో దాన్ని బట్టి గుంపులు కడతారు. ఐదో తరగతి పిల్లాడు అక్షరాల గుంపులో ఉంటే అక్కడి నుంచే మొదలు.

బిహార్‌లో 2008 వేసవిలో ప్రభుత్వ టీచర్లే నెల రోజులు ఇలా క్యాంపులు నడిపితే పిల్లలకు చదవడం బాగా మెరుగుపడింది. అదే రాష్ట్రంలో అలాంటి టీచర్లకే శిక్షణ, పుస్తకాలు ఇచ్చి, బడి రోజుల్లో చేయమంటే ఫలితం కనబడలేదు. టీచర్లకు చేతకాక కాదు, వేసవిలో లేని సిలబస్ ఒత్తిడి బడి రోజుల్లో ఉంది కాబట్టి. హర్యానాలో తర్వాత ఇందుకోసమే రోజూ ఒక గంట కేటాయించి, పైనుంచి పర్యవేక్షణ పెడితే బడి రోజుల్లోనూ హిందీ చదవడం మెరుగైంది.

మెక్సికో 1997 నుంచి తల్లుల చేతికి ఇచ్చిన నగదు, బంగ్లాదేశ్ 1994 నుంచి ఆడపిల్లలకు ఇచ్చిన స్టైపెండ్ పిల్లలను బడిలో నిలబెట్టాయి. అలాంటివి కొనసాగాల్సిందే. అయితే అవి గుమ్మం దాకా తెచ్చే పనులు. లోపల ఏం జరగాలో తేల్చడానికి రాజకీయంగా ధైర్యం కావాలి. ఐదో తరగతి పిల్లలు రెండో తరగతి స్థాయిలో ఉన్నారని ఒప్పుకోవడం ఏ మంత్రికీ ఇష్టముండదు.

బ్రెజిల్‌లో పేద రాష్ట్రమైన సియరా ఆ పని చేసింది. మున్సిపాలిటీలకు ఇచ్చే పన్నుల వాటాలో కొంత భాగాన్ని పిల్లల చదువు ఫలితాలతో ముడిపెడుతూ 2007లో చట్టం తెచ్చింది. రెండో తరగతి పిల్లలకు చదవడం వచ్చిందా లేదా అన్నది ఆ లెక్కలో ఒక ముఖ్యమైన భాగం. నిధుల కోసమైనా మేయర్లు చిన్న తరగతుల వైపు చూడక తప్పలేదు. అప్పటికే అదే దారిలో ఉన్న ఆ రాష్ట్రంలోని సొబ్రాల్ పట్టణం, ధనిక నగరాలను దాటి ప్రాథమిక విద్యలో దేశంలోనే మొదటి స్థానానికి చేరింది.