ఈ పిసినారి కిడ్నీలను బెంగళూరు దారికి తెద్దాం

వైట్‌ఫీల్డ్ నుంచి ఎలక్ట్రానిక్ సిటీ దాకా ఏ అపార్ట్‌మెంటు సంఘం మీటింగుకు వెళ్లినా అజెండాలో మొదటి అంశం నీళ్లే. ట్యాంకరు రేటు పెరిగింది, బోరు ఎండింది, మురుగునీటిని శుద్ధిచేసే ఎస్టీపీ కంపు కొడుతోంది, మూడో అంతస్తువాళ్లు పైపు పెట్టి బాల్కనీ కడుగుతున్నారు. ఇంతమంది పెద్దమనుషులు గంటల తరబడి నీళ్ల గురించి వాదించుకుంటూ ఉంటే, అదే హాల్లో ప్రతి కుర్చీలోనూ రెండేసి సంస్థలు ఎవరి అనుమతీ లేకుండా నీళ్ల లావాదేవీలు నడిపేస్తున్నాయి. వాటికి ఎన్నికల్లేవు, టెండర్లు లేవు, ఆడిట్ అసలే లేదు. రెండూ కలిపి తూస్తే మూడొందల గ్రాములు. గుండె పంపే రక్తంలో మాత్రం ఐదో వంతు వాటికే పోవాలి. కిడ్నీలను ఇక మీద ఇలా వదిలేయడానికి వీల్లేదు.

ముందు వాటి పనితీరు చూడండి. సంక్రాంతికి ఇల్లు సర్దేటప్పుడు అటక మీది సామానంతా దింపి వసారాలో పరుస్తారు. కావలసినవి తుడిచి లోపల పెట్టుకుని, మిగతాది భోగిమంటలో వేస్తారు. ఏడాదికొకసారి చేస్తేనే నడుం పట్టేసే పని ఇది. కిడ్నీలు దీన్నే రోజుకు 60 సార్లు చేస్తాయి. మన రక్తంలో ప్లాస్మా ఉండేది సుమారు 3 లీటర్లు, కిడ్నీలు రోజుకు వడకట్టేది 180 లీటర్లు. నిమిషానికి 125 మిల్లీలీటర్లన్నమాట. ఒక్కో కిడ్నీలో పది లక్షల చొప్పున నెఫ్రాన్లు అనే వడపోత గొట్టాలు, ప్రతి నెఫ్రాన్ మొదట్లో గ్లోమెరులస్ అనే సన్నటి రక్తనాళాల చుట్ట. రక్తకణాలు, ఆల్బుమిన్ లాంటి పెద్ద ప్రొటీన్లు ఆ జల్లెడ దగ్గరే ఆగిపోతాయి. తక్కినవన్నీ, అంటే నీళ్లు, ఉప్పు, చక్కెర, అమైనో ఆమ్లాలు, యూరియా, నిన్న రాత్రి మింగిన మాత్ర, మంచీ చెడ్డా తేడా లేకుండా గొట్టంలో పడతాయి. పడ్డాక నాలుక కరుచుకుని, అందులోంచి 178 లీటర్లకు పైగా మళ్లీ లోపలికి ఏరుకుంటాయి.

కాస్త తెలివున్న కమిటీ ఏదైనా ఏం చేస్తుంది? పారేయాల్సిన వాటికి ఒక జాబితా రాసి, వాటినే పారేస్తుంది. కిడ్నీ దగ్గర విషాల జాబితా లాంటిదేమీ పెద్దగా లేదు. దాని దగ్గరున్నది కావలసినవాటి జాబితా. అందులో పేరు లేనిది, నిన్నటిదాకా భూమ్మీదే లేని కొత్త రసాయనమైనా సరే, గొట్టం వెంట బయటికి నడవాల్సిందే. కొవ్వులో కరిగేవి కొన్ని గోడలోంచి జారుకుని వెనక్కి రాగలవు, వాటిని ముందే నీళ్లలో కరిగేలా మార్చి పంపే బాధ్యత కాలేయానిది. అంటే పక్క శాఖతో సమన్వయం కూడా ఉంది. ఏ ప్రభుత్వంలోనూ చూడని ఈ అలవాటు అనుమానాలకు తావిస్తోంది.

అనుమానం ఈనాటిది కాదు. 1924లో ఫిలడెల్ఫియాలో వెర్న్, రిచర్డ్స్ అనే ఇద్దరు తనిఖీకి దిగారు. కప్ప కిడ్నీలో ఒకే ఒక్క గ్లోమెరులస్‌లోకి వెంట్రుకలాంటి గాజుగొట్టం గుచ్చి ద్రవం లాగారు. అందులో ప్రొటీన్ లేదు, చక్కెర ఉంది. అదే కప్ప మూత్రాశయంలో చూస్తే చక్కెర లేదు. మధ్యలో ఎవరో నొక్కేశారని రుజువైంది. ఒక్కరి మీదా కేసు పెట్టలేదు.

ఇప్పుడు మన నగర ప్రమాణంతో పోల్చండి. మన వంటింటి ఆర్వో ఒక బిందె మంచినీళ్లిస్తూ రెండు మూడు బిందెలు సింకులోకి వదులుతుంది. అది నాగరికత. కిడ్నీ వదిలేది ఒక్క శాతం కూడా కాదు. రేపటి నుంచి కిడ్నీలు కూడా ఆర్వో పద్ధతిలో పావు వంతు ఉంచుకుని ముప్పావు వదలాలని తీర్మానిస్తే రోజుకు 135 లీటర్ల మూత్రం వస్తుంది. లెక్క ప్రకారం ఒంట్లోని ప్లాస్మా మొత్తం అరగంటలో కమోడ్ చేరుతుంది. నిజానికి అంతదాకా రాదు, ఈలోపే బీపీ పడిపోయి వడపోతే ఆగిపోతుంది. సంస్కరణలకు మొదట్లో ఇలాంటి ఇబ్బందులు మామూలే.

అసలు గూడుపుఠాణి ఉప్పులో ఉంది. లెక్కగట్టి చూస్తే రోజుకు కిలోన్నర ఉప్పు ఈ గొట్టాల్లోకి దిగుతుంది. కిరాణా కొట్టు ప్యాకెట్టు ఒకటిన్నర, ప్రతిరోజూ. బయటికి వచ్చేది మాత్రం మనం ఆ రోజు తిన్నంత, చెమటలో పోయింది పోగా. ఇదెలా చేస్తోందో చూస్తే తెలివి కంటే మొండితనమే ఎక్కువ కనిపిస్తుంది. గొట్టం గోడలోని ప్రతి కణానికీ రక్తం వైపున పంపులుంటాయి. ఒక్కో విడతలో 3 సోడియంలను రక్తం వైపు తోసి, 2 పొటాషియంలను లోపలికి లాగుతాయి. దాంతో కణంలో ఎప్పుడూ సోడియం కరువే. కరువు గనక గొట్టంలోని సోడియం ఎగబడి లోపలికొస్తుంది. వచ్చేది ఊరికే రాదు, పెళ్లికి పిలిస్తే చుట్టాలను వెంటేసుకొచ్చినట్టు గ్లూకోజునూ అమైనో ఆమ్లాలనూ వెంటబెట్టుకొస్తుంది. ఇంతమంది వెళ్లాక నీళ్లు మాత్రం అక్కడేం చేస్తాయి? అవీ వెనకే. మొదటి మెలికల్లోనే, అంటే సమీపస్థ నాళికలోనే, 180లో 117 లీటర్లు ఇంటికి చేరిపోతాయి. ఆ పంపుల ఖర్చే కిడ్నీ ఆక్సిజన్ బిల్లులో సింహభాగం. కావేరిని వంద కిలోమీటర్ల దూరం నుంచి అర కిలోమీటరు ఎత్తుకు తోడుతున్న మన జలమండలికి కరెంటు బిల్లు బాధేమిటో తెలుసు, ఈ ఒక్క విషయంలో సానుభూతి చూపవచ్చు.

అదే చోట బైకార్బనేట్ కూడా వెనక్కి వస్తుంది. వడకట్టిందంతా వంటసోడాగా లెక్కేస్తే రోజుకు 360 గ్రాములు, అందులో దాదాపు అంతా వాపసు. ఈ మాట క్షార జలం సీసాలు కొనే ఇందిరానగర్ సోదరసోదరీమణులకు ఎవరూ చెప్పకండి. రక్తంలో క్షారం సంగతి తామే చూసుకుంటున్నామని వాళ్లు నమ్ముతున్నారు.

చక్కెర విషయంలో కిడ్నీది పక్కా గుమస్తా బుద్ధి. రోజుకు 180 గ్రాములు దిగితే 180 గ్రాములూ లోపలికే. అయితే చక్కెరను వెనక్కి తీసుకునే కౌంటర్లు లెక్కకే ఉన్నాయి. రక్తంలో గ్లూకోజు డెసీలీటరుకు 180 మిల్లీగ్రాములు దాటిందా, క్యూ పొంగి మూత్రంలోకి పడుతుంది, పడ్డ చక్కెర నీళ్లనూ లాక్కుపోతుంది. షుగరు ముదిరినవాళ్లు రాత్రి నాలుగుసార్లు లేవడం ఇందుకే. ఇప్పుడు డాక్టర్లే గ్లిఫ్లోజిన్ మాత్రలిచ్చి పెద్ద కౌంటరు మూయిస్తున్నారు, 60-80 గ్రాముల చక్కెర రోజూ బయటికి పోతోంది. గుండెకు, కిడ్నీకి కూడా మేలంటున్నారు. ఆ తీపికి కింద శిలీంధ్రాలు చేరి దురద పెడితే ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఇక్కడిదాకా క్షమించవచ్చు. హెన్లీ శిక్యం దగ్గర మాత్రం క్షమించడానికి వీల్లేని వ్యవహారం నడుస్తోంది. ఇంటర్ బైపీసీలో బొమ్మ వేసి మార్కులు కొట్టేసినవాళ్లంతా దాని సంగతి మరచిపోయారు. శిక్యమంటే ఉట్టి. పేరుకు తగ్గట్టే ఈ గొట్టం కిడ్నీ లోతుల్లోకి వేలాడుతూ దిగి, కిందకెళ్లి మెలిక తిరిగి, మళ్లీ పైకొస్తుంది. దిగే గొట్టంలోంచి నీళ్లు బయటికి పోగలవు, ఉప్పు అంతగా పోలేదు. ఎక్కే గొట్టంలోంచి ఉప్పును పంపులు బయటికి తోడేస్తాయి, నీళ్లు చుక్క కూడా కదలవు. సోడియం ఒకటి, పొటాషియం ఒకటి, క్లోరైడు రెండు కలిస్తేనే ఆ పంపులోకి ప్రవేశం. ఒకే గొట్టానికి రెండు చట్టాలు! ఎదురెదురుగా దిగేదీ ఎక్కేదీ పక్కపక్కనే ఉండటంతో, ప్రతి మెట్టు దగ్గరా కాస్త కాస్త తేడా పేరుకుని, పైన లీటరుకు 300 మిల్లీఆస్మాల్స్ (కరిగిన కణాల కొలత) ఉన్న గాఢత అడుగున 1200కు చేరుతుంది. ఆ ఉప్పును రక్తం కడిగేయకుండా రక్తనాళాలను కూడా అలాగే మెలిక తిప్పి పెట్టారు.

అడుగున ఇంత ఉప్పెందుకు? మాగాయ పెట్టే ఇంట్లో ఈ ప్రశ్న అడగరు. మామిడి ముక్కలకు ఉప్పూ పసుపూ పట్టించి జాడీకి గుడ్డ కట్టి పెడతారు. చుక్క నీళ్లు పోయరు. మూడో రోజు మూత తీస్తే ముక్కలు ఊటలో ఈదుతుంటాయి. ఆ నీళ్లు ముక్కల్లోవే, ఉప్పు లాగింది. తరవాత ముక్కలను పిండి డాబా మీద ఎండబెడితే వేలెడు ముక్క గోరంతవుతుంది. కిడ్నీ లోపలి భాగం ఆ జాడీ. గొట్టాల చివర మిగిలిన ద్రవాన్ని పోగేసుకుని దాని గుండా దిగే సంగ్రహణ నాళం మామిడి ముక్క. నాళంలోని నీటిని జాడీ ఉప్పు లాగేస్తే మిగిలే చిక్కటి పసుపు ద్రవం మన మూత్రం. కాళ్లు వాచినవాళ్లకూ, పడుకుంటే ఊపిరాడనివాళ్లకూ ఇచ్చే ఫ్యూరోసెమైడ్ చేసేది ఎక్కే గొట్టంలోని పంపును మూయడమే. పంపు ఆగితే జాడీలో ఉప్పు పలచబడుతుంది, లాగేవాడుండడు, మాత్ర వేసుకున్న గంటలోనే బాత్రూము వెతుక్కోవాలి.

జాడీలో ఇంకో సరుకూ ఉంది, చెప్పడానికి సిగ్గేస్తోంది. యూరియా. పారేయాల్సిన చెత్తేనని అందరం ఒప్పుకున్న యూరియాలో సుమారు సగాన్ని కిడ్నీ వెనక్కి పీల్చుకుంటుంది, అందులో కొంత ఆ జాడీలోనే దాచి గాఢతకు వాడుకుంటుంది. అంటే చెత్తతో నీళ్లు లాగుతోంది! ఇలాంటి పొదుపు మీద పోరాడుతున్నది ఒక్క కోరమంగల డీటాక్స్ ఉద్యమమే. వారం రోజులు పప్పూ గుడ్డూ మానేసి కీరదోస రసం మీద బతికితే యూరియా తయారీ తగ్గుతుంది, జాడీ బలహీనపడుతుంది, కిడ్నీ నీళ్లు పట్టి ఉంచుకునే శక్తీ తగ్గుతుంది. మూత్రం తెల్లగా రావడం చూసి ఒళ్లు శుభ్రమైందని సంబరపడతారు. మా సంస్కరణలకు ఇంతటి నిజాయితీ గల మద్దతుదారులు దొరకరు.

చివరి ఆరోపణ వాల్వు గురించి. అంతా అయ్యాక గొట్టాల చివర మిగిలేది రోజుకు 18, 20 లీటర్లు. దాన్ని ఉంచుకోవాలా వదలాలా అని తేల్చేది మెదడు. రక్తం గాఢత ఒక్క శాతం పెరిగితే చాలు, మెదడు కింది పిట్యూటరీ గ్రంథి నుంచి వాసోప్రెసిన్ అనే హార్మోను బయల్దేరుతుంది. అది తలుపు తట్టగానే సంగ్రహణ నాళం కణాల్లో దాచిన ఆక్వాపోరిన్ అనే నీటి తూములు నిమిషాల్లో పైకొచ్చి గోడలో అమరుతాయి. ఒక్కో ఆక్వాపోరిన్ గుండా సెకనుకు 300 కోట్ల వరకు నీటి అణువులు పోతాయి, వాటి మధ్య ఒక్క ప్రోటాను దూరలేదు. వీటిని కనిపెట్టినందుకు పీటర్ ఆగ్రేకు 2003లో నోబెల్ ఇచ్చారు. దాహం తీరాక తూములు మళ్లీ లోపలికి. మన లేఅవుట్లో వాల్వు తిప్పే మనిషి ఇంత చురుగ్గా ఉంటే ట్యాంకరు యజమానుల పిల్లల చదువులేం కావాలి?

సంతోషించాల్సిందేమంటే, ఈ వాల్వును లొంగదీసే మార్గాన్ని మన నగరం కనిపెట్టింది. శనివారం రాత్రి మూడు మగ్గుల బీరు వాసోప్రెసిన్ నోరు నొక్కేస్తుంది. తూములు లోపలికి వెళ్లిపోతాయి, తాగినదాని కంటే ఎక్కువే బయటికి పోతుంది, ఆదివారం పొద్దున నాలుక అట్టముక్కవుతుంది. జబ్బు వల్ల ఆ హార్మోనే లేకుండా పోయినవాళ్లు, లేదా ఏళ్ల తరబడి లిథియం వాడి నాళాలు దాని మాట వినడం మానేసినవాళ్లు, రోజుకు పది, పదిహేను, ఒక్కోసారి 20 లీటర్లు పోస్తారు. అంతా తాగాల్సిందే, ఆపితే రక్తంలో సోడియం పైకెళ్తుంది.

దీనికి పూర్తి విరుద్ధంగా, రోజుకు ఐదు లీటర్ల నీళ్లు తాగి తీరాలనే సవాలు బృందం ఉంది. కిడ్నీ ఎంత ఉదారంగా వదిలినా గంటకు లీటరు మించి వదలడం కష్టం. పరుగు పోటీలో దాహం లేకపోయినా ప్రతి స్టాలు దగ్గరా సీసా ఖాళీ చేస్తే సోడియం పడిపోయి మెదడు వాచి ఫిట్స్ దాకా పోవచ్చు. ఇంకొందరు నీళ్లు మానేసి, ఎండలో పరుగెత్తి, మోకాలి నొప్పికి డైక్లోఫెనాక్ వేసుకుంటారు. కిడ్నీ లోతుల్లో మామూలప్పుడే ఆక్సిజన్ అంతంతమాత్రం, పంపులు అప్పు మీద నడుస్తుంటాయి. ఒళ్లు ఎండిపోయినప్పుడు అక్కడికి రక్తం వెళ్లే దారి తెరిచి ఉంచేవి ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు, ఆ మాత్ర సరిగ్గా వాటినే ఆపుతుంది. గొట్టం కణాలు రాలిపోతాయి, మూత్రం తగ్గి కాఫీ డికాక్షన్ రంగులోకి వస్తుంది. కోలుకునే రోజుల్లో ఒక్కోసారి లీటర్లకు లీటర్లు పోస్తుంది. వడపోత తిరిగొచ్చింది, ఏరుకోవడం ఇంకా గుర్తుకురాలేదు. సరిగ్గా మేం కోరుతున్న స్థితి, దురదృష్టవశాత్తు రోగి ఆస్పత్రిలో ఉంటాడు.

ఎంత పిసినారికైనా ఒక మెట్టు ఉంది. రోజుకు బయటికి పోవాల్సిన వ్యర్థాలు దాదాపు 600 మిల్లీఆస్మాల్స్. లీటరుకు 1200 మించి చిక్కబరచలేదు కాబట్టి అర లీటరైనా వదలక తప్పదు. ఈ అర లీటరును ఆధారంగా చేసుకుని చర్చలు మొదలుపెట్టాలని సంఘానికి మా విజ్ఞప్తి.

సంఘం మీటింగు రెండు గంటలు నడుస్తుందనుకుందాం. ఆ రెండు గంటల్లో అధ్యక్షులవారి కిడ్నీలు 15 లీటర్లు వడకట్టి, 14 లీటర్ల 880 మిల్లీలీటర్లు రక్తానికి జమకట్టి, మూత్రాశయంలోకి వదిలేది చాయ్ గ్లాసుడు. వందన సమర్పణ అయ్యాక ఆయన క్లబ్‌హౌస్ బాత్రూముకెళ్తారు. ఆ గ్లాసుడును తోయడానికి పెద్ద బటను నొక్కుతారు, ఆరు లీటర్ల కావేరి నీళ్లు దిగుతాయి. క్లబ్‌హౌస్ ఫ్లష్‌కు ఎస్టీపీ లైను ఇంకా కలపలేదు. ఆ అంశం వచ్చే నెల అజెండాలో ఉంది.